టక్‌మని శబ్దం, వెంటనే రీస్టార్ట్ – నేనే బిగించుకున్న సిస్టమ్, కారణం దొరకడం లేదు

కోటకింద_పిలగాడు · సోమవారం రాత్రి 10.15

దేవరకొండలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నాది. నాలుగు నెలల కింద సికింద్రాబాద్ సీటీసీకి పోయి సామాను కొని, నేనే కూర్చొని సిస్టమ్ బిగించుకున్నాను. రైజెన్ 5 5600జీ, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎస్‌ఎంపీఎస్ (లోపలి సామానుకు కరెంటు ఇచ్చే డబ్బా) క్యాబినెట్‌తో పాటు వచ్చిందే, మీద 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది. 600 వీఏ యూపీఎస్ మాత్రం పాత సిస్టమ్‌ది, అదే వాడుతున్నాను.

మూడు నెలలకు పైగా ఏ గొడవా లేదు. ఇరవై రోజుల నుంచి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. రోజుకు రెండుసార్లు, ఒక్కోరోజు ఐదారుసార్లు. విండోస్ కూలినప్పుడు వచ్చే నీలం తెర రాదు, ఎర్రర్ మెసేజ్ రాదు. టక్‌మని ఒక శబ్దం, స్క్రీన్ నల్లబడుతుంది, ముందు మానిటర్ కంపెనీ గుర్తు, తర్వాత బోర్డు లోగో, మళ్లీ విండోస్. అంతే.

ఇవాళ చందంపేట దిక్కు తండా నుంచి ఒక అమ్మాయి, వాళ్ల నాయన వచ్చారు. డిగ్రీ సీటుకు దోస్త్ వెబ్ ఆప్షన్లు. ముప్పై కాలేజీలు ఆ పిల్ల చెప్పిన వరుసలో పెట్టి, సేవ్ నొక్కబోతుండగా పోయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టేసరికి వాళ్ల చివరి బస్సు వెళ్లిపోయింది. ఇద్దరినీ నా బండి మీద ఊళ్లో దింపి ఇప్పుడే వచ్చాను. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు కానీ నాకు మనసు మనసులో లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఏం మార్చమంటే అది మారుస్తాను.

గేమర్_గద్వాల్

ఎస్‌ఎంపీఎస్. కళ్లు మూసుకొని చెప్తున్నా. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన దాన్ని ఎవరైనా నమ్ముతారా అన్నా.

వనపర్తి_వైఫై

నాకైతే వేడి అనిపిస్తోంది. కూలర్ కింద పేస్టు సరిగ్గా పెట్టారా? ఫ్యాన్ తిరుగుతోందా?

మిర్యాలగూడ_తవుడు

వైఫై తమ్ముడు చెప్పింది కొట్టిపారేయొద్దు. నేను రైస్‌మిల్లులో లెక్కలు రాస్తాను. ఆఫీసు గదికి తలుపులు వేసే ఉన్నా తవుడు దుమ్ము ఎట్లా వస్తుందో తెలియదు, వస్తుంది. పోయిన ఎండాకాలం మా సిస్టమ్ మధ్యాహ్నం అయితే చాలు ఆగిపోయేది. మూత తీసి చూస్తే సీపీయూ కూలర్ రేకుల మధ్య తవుడు చలిమిడి ముద్దలా పేరుకుపోయి ఉంది. పుల్ల పెట్టి గీరితే పొరలు పొరలుగా ఊడింది. అంతా తీసి కొత్త పేస్టు పెట్టాక మళ్లీ ఆగలేదు. జిరాక్స్ షాపులో కాగితం నూగు ఉంటుంది కదా, ఒకసారి మూత తీసి చూడు.

కోటకింద_పిలగాడు

మూత తీసి చూశాను అన్నా. శుభ్రంగానే ఉంది, నాలుగు నెలలదే కదా. టెంపరేచర్ కూడా చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు 41, పని మీద 60, 62. 70 ఎప్పుడూ దాటలేదు.

వనపర్తి_వైఫై

అయితే వేడి కాదు. 5600జీకి గరిష్ఠం 95 డిగ్రీలు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

పాలమూరు_పాత_సిస్టమ్

సామాను మార్చే ముందు విండోస్ ఏమంటోందో చూద్దాం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ ఉంటుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. రీస్టార్ట్ అయిన టైమ్ దగ్గర కెర్నెల్ పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఉంటుంది. దాన్ని తెరిచి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ ఎంత ఉందో ఇక్కడ రాయి.

ఇంకొకటి. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అన్న టిక్కు తీసేయ్. అది ఉంటే నీలం తెర ఒక్క క్షణం మెరిసి పోతుంది, మనం చూడకముందే.

కోటకింద_పిలగాడు · మంగళవారం మధ్యాహ్నం

టిక్కు తీసేశాను సార్. అయినా పొద్దున 11.20కి ఒకసారి, 12.05కి ఒకసారి పోయింది. నీలం తెర రాలేదు. 41 చాలా ఉన్నాయి, అన్నింట్లోనూ బగ్‌చెక్ కోడ్ సున్నా.

పాలమూరు_పాత_సిస్టమ్

సున్నా అంటే విండోస్ చచ్చిపోయే ముందు ఒక్క అక్షరం కూడా రాసుకునే టైమ్ దొరకలేదన్నమాట. డ్రైవర్ గొడవైనా, సాఫ్ట్‌వేర్ గొడవైనా మామూలుగా ఏదో ఒక నంబరు వదిలిపెడుతుంది. ఇక్కడ కరెంటు తెగింది, లేదా బోర్డుకు రీసెట్ సిగ్నల్ అందింది. క్యాబినెట్ ముందున్న రీసెట్ బటన్ లోపల ఇరుక్కుపోయినా ఇట్లాగే అవుతుంది. బోర్డు మీద రీసెట్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నుల వైరు ఊడదీసి ఒక రోజు నడిపించు. ఖర్చు లేని పని.

గేమర్_గద్వాల్

నేను మొదటి రిప్లైలోనే చెప్పాను, ఎస్‌ఎంపీఎస్ అని.

నాగర్‌కర్నూల్_నెట్‌సెంటర్

ర్యామ్ కూడా కావచ్చు. మా సెంటర్‌లో ఒక సిస్టమ్ ఇట్లాగే సతాయిస్తే ర్యామ్ తీసి, మెరిసే పిన్నులను పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టాను. ఏడాది అయింది, మళ్లీ ఆ గొడవ లేదు.

సూర్యాపేట_సర్వీస్

రబ్బరుతో తుడవడం తప్పు కాదు కానీ తుడిచి ఊరుకుంటే తెలియదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రాత్రంతా నడిపించండి. నాలుగు పాస్‌లు పూర్తి కావాలి. ఒక్క తప్పు కనిపించినా ర్యామ్ పోయినట్టే. బయోస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే ఈ పరీక్షల దాకా అది తీసేసి చూడండి. 3200 మీద కొన్ని బోర్డులు మొండికేస్తాయి.

బత్తాయితోట

మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ ఏమైనా అయిపోయిందేమో?

సూర్యాపేట_సర్వీస్

నాలుగు నెలలకే సీఆర్2032 అయిపోదు అన్నా. అయిపోయినా తేదీ, టైమ్, బయోస్ సెట్టింగులు పోతాయి తప్ప నడుస్తున్న సిస్టమ్ ఆగదు.

కోటకింద_పిలగాడు · బుధవారం ఉదయం

రీసెట్ వైరు తీశాను, నిన్న సాయంత్రం రెండుసార్లు పోయింది. కాబట్టి బటన్ కాదు.

రాత్రి షట్టర్ వేసేటప్పుడు మెమ్‌టెస్ట్ పెట్టి పోయాను. పొద్దున వచ్చేసరికి నాలుగు పాస్‌లూ అయిపోయి పచ్చగా పాస్ అని ఉంది. తప్పులు సున్నా. రాత్రంతా ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. మళ్లీ 10.40కి మొదటి కస్టమర్ కూర్చున్నాడో లేదో, టక్.

నాగర్‌కర్నూల్_నెట్‌సెంటర్

రాత్రంతా ఆగకుండా నడిచిందంటే హార్డ్‌వేర్ అంతా బాగున్నట్టే. విండోస్‌లోనే గొడవ. ఫార్మాట్ కొట్టి కొత్తగా ఎక్కించు.

పాలమూరు_పాత_సిస్టమ్

బగ్‌చెక్ సున్నా అని పైన చూశాం కదా నెట్‌సెంటర్. విండోస్ గొడవ అయితే ఏదో ఒక గుర్తు ఉండాలి. ఫార్మాట్ కొడితే ఒక రోజు పోతుంది, సీజన్‌లో షాపు మూసుకోవాలి. తొందరపడొద్దు.

గేమర్_గద్వాల్

ఎస్‌ఎంపీఎస్ మార్చు అన్నా, ఒక్క రోజులో తేలిపోతుంది. లేకపోతే పేపర్ క్లిప్ పరీక్ష చేసి చూడు, 24 పిన్నుల ప్లగ్గులో పచ్చ వైరు, నల్ల వైరు కలిపితే ఫ్యాన్ తిరగాలి.

సూర్యాపేట_సర్వీస్

ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతోందని మాత్రమే తెలుస్తుంది. లోడు మీద 12 వోల్టులు నిలబడుతున్నాయో లేదో తెలియదు. 11.4 నుంచి 12.6 మధ్యలో ఉండాలి. పని చేస్తుండగా మల్టీమీటర్ పెట్టి చూడాలి, అది కూడా చేయి తిరిగినవాళ్లే.

కోటకింద_పిలగాడు · గురువారం రాత్రి

ఆగలేకపోయాను. నల్గొండకు పోయి కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చాను. 550 వాట్లు, బ్రాంజ్ రేటింగ్, 3,800 రూపాయలు. సాయంత్రం నాలుగుకు బిగించాను. 5.25కి టక్‌మంది. మళ్లీ అదే. మానిటర్ గుర్తు, బోర్డు లోగో, విండోస్.

ఇక నాకు తోచడం లేదు. మిగిలింది బోర్డు, ప్రాసెసర్. అవి మార్చే స్తోమత ఈ నెల లేదు.

గేమర్_గద్వాల్

సారీ అన్నా. నిజంగా అదే అనుకున్నాను.

ట్రిపుల్ఈ_అక్క

మొదటి పోస్టు నుంచి అంతా ఇప్పుడే చదివాను. బోర్డు జోలికి వెళ్లకు తమ్ముడూ, నీ సిస్టమ్ లోపల ఏ తప్పూ లేదని నా నమ్మకం.

నువ్వు రెండుసార్లు ఒక మాట రాశావు, ఎవరూ పట్టించుకోలేదు. రీస్టార్ట్ అయ్యేటప్పుడు ముందు మానిటర్ కంపెనీ గుర్తు వస్తుందని. సిస్టమ్ ఒక్కటే రీస్టార్ట్ అయితే మానిటర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. అది సిగ్నల్ లేదు అని చూపిస్తుంది, లేదా నల్లగా ఉండి బోర్డు లోగో చూపిస్తుంది. దాని సొంత గుర్తు చూపిస్తోందంటే అది కూడా ఆరిపోయి మళ్లీ వెలిగింది. నీ క్యాబినెట్ లోపల ర్యామ్ పోతే మానిటర్ ఎందుకు ఆరుతుంది?

రెండింటికీ కరెంటు ఒకేసారి పోతోంది. రెండింటికీ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?

కోటకింద_పిలగాడు

యూపీఎస్ నుంచి అక్కా.

ట్రిపుల్ఈ_అక్క

ఆ టక్ శబ్దం క్యాబినెట్‌లోంచి వస్తోందా, యూపీఎస్‌లోంచి వస్తోందా? రేపు చెవి దగ్గర పెట్టుకొని విను. యూపీఎస్ మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు లోపల రిలే అనే స్విచ్ టక్‌మంటుంది. బ్యాటరీకి ఎన్నేళ్లు?

కోటకింద_పిలగాడు

పాత సిస్టమ్‌తో కొన్నది, నాలుగేళ్లు పైనే. కానీ కరెంటు పోవడం లేదు అక్కా. పోతే ట్యూబులైటు ఆరుతుంది కదా. లైటు వెలుగుతూనే ఉంటుంది, సిస్టమ్ ఒక్కటే పోతుంది. యూపీఎస్ మీద పచ్చ లైటు కూడా ఉంటుంది.

వనపర్తి_వైఫై

నాకూ ఒక సందేహం. కరెంటే తెగితే సిస్టమ్ ఆగిపోయి అట్లాగే ఉండాలి. మళ్లీ దానంతటదే ఎందుకు ఆన్ అవుతుంది?

పాలమూరు_పాత_సిస్టమ్

మంచి ప్రశ్న. రెండు దారులు ఉన్నాయి. బయోస్‌లో రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, బోర్డును బట్టి పేరు కాస్త మారుతుంది. అది ఆన్ అనో, లాస్ట్ స్టేట్ అనో ఉంటే కరెంటు పోయి రాగానే సిస్టమ్ లేస్తుంది. రెండోది, కరెంటు పూర్తిగా పోకుండా ఒక్క రెప్పపాటు తగ్గితే ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు ఇచ్చే పవర్ గుడ్ సిగ్నల్ పడిపోయి లేస్తుంది. బోర్డుకు అది రీసెట్ నొక్కినట్టే.

మంచి ఎస్‌ఎంపీఎస్ అయినా కరెంటు లేకుండా పూర్తి లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. ఒక్క సైకిల్ మింగితే చాలు. అంత చిన్న దెబ్బకు ట్యూబులైటు ఆరినట్టు మన కంటికి కనిపించదు.

అక్క చెప్పిన మానిటర్ సంగతి నేనూ చదివి దాటేశాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, అయినా క్యాబినెట్ లోపలే చూస్తూ కూర్చున్నాను.

బత్తాయితోట

మా తోట ఇంట్లో ఇది రోజూ ఉండేది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి వచ్చింది కానీ, లైను ట్రిప్ అయి తిరిగి వచ్చినప్పుడు ఆటోస్టార్టర్లు ఉన్న బోర్లన్నీ ఒక్కసారే మొదలవుతాయి. ఆ నిమిషంలో మీటర్ పెడితే మా ఇంట్లో 160 వోల్టులే చూపించేది. మా అబ్బాయి కంప్యూటర్ అప్పుడే ఆగేది. బోర్డు పోయిందని వాడు ఏడుపు. స్టెబిలైజర్ పెట్టాక ఆగడం తగ్గింది. మీ షాపు దగ్గర ఏమైనా మోటార్లు, వెల్డింగ్ షాపు ఉన్నాయా?

కోటకింద_పిలగాడు

పక్కన బట్టల షాపు, ఇంకోపక్క టిఫిన్ సెంటర్. వెల్డింగ్ లేదు.

ట్రిపుల్ఈ_అక్క

ఈవెంట్ వ్యూయర్‌లోనే 6008 అని ఇంకో ఈవెంట్ ఉంటుంది. ఇంతకుముందు ఫలానా టైమ్‌కు అనుకోకుండా ఆగిపోయింది అని తేదీ, గంట, నిమిషంతో సహా రాసి ఉంటుంది. ఇరవై రోజులవీ ఒక కాగితం మీద రాసుకో. ఏ రోజు ఎన్నిసార్లు, ఏ టైమ్‌లో. రాసుకున్నాక ఆ టైమ్‌లో షాపులో ఏం జరుగుతుందో ఆలోచించు.

కోటకింద_పిలగాడు · శుక్రవారం రాత్రి 9.30

రాశాను. మొత్తం 58. కాగితం ముందు పెట్టుకొని చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

ఉదయం 10.30కి ముందు ఒక్కటి కూడా లేదు. నేను 8.30కే షాపు తీస్తాను, మెయిల్స్ చూసుకుంటాను, టైపింగ్ చేస్తాను. ఆదివారాలు ఒక్కటి లేదు. ఆదివారం షట్టర్ సగం దించి సాయంత్రం దాకా పెళ్లికార్డుల డిజైన్లు చేస్తాను, సిస్టమ్ ఆగకుండా నడుస్తుంది. అన్నిటికంటే ఎక్కువ 11 నుంచి ఒంటిగంట మధ్య, మళ్లీ నాలుగు నుంచి ఆరు.

కస్టమర్లు ఉన్న టైమ్ అంతా. అంటే జిరాక్స్ మిషన్ నడిచే టైమ్.

ఇంకో సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. జిరాక్స్ మిషన్ ఇంతకుముందు లోపలి గదిలో పెద్ద సాకెట్ మీద ఉండేది. అడ్మిషన్ల సీజన్‌లో లోపలికీ బయటికీ తిరగలేక కౌంటర్ పక్కకు జరిపాను. కౌంటర్ దగ్గర సాకెట్ ఒక్కటే, అందుకని ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి యూపీఎస్, జిరాక్స్ రెండూ దాంట్లోనే గుచ్చాను. జరిపింది ఎప్పుడంటే సరిగ్గా ఈ గొడవ మొదలవడానికి ఒక్క రోజు ముందు.

గేమర్_గద్వాల్

అమ్మో.

ట్రిపుల్ఈ_అక్క

దొరికింది. జిరాక్స్ మిషన్‌లో పొడిని కాగితానికి అంటించడానికి ఒక వేడి రోలర్ ఉంటుంది, ఫ్యూజర్ అంటారు. అది వేడెక్కేటప్పుడు వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, మిషన్‌ను బట్టి ఇంకా ఎక్కువ కూడా. ఒకసారి వేడెక్కి ఊరుకోదు. చల్లారినప్పుడల్లా మళ్లీ లాగుతుంది. చాలా మిషన్లలో లోపల ఉండేది హాలోజన్ దీపం. చల్లగా ఉన్న దీపం వెలిగే మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. ఆ గుంజుడుకు ఎక్స్‌టెన్షన్ బాక్సు సన్న వైరులో వోల్టేజి పడుతుంది. యూపీఎస్ అది చూసి కరెంటు పోయిందనుకొని టక్‌మని బ్యాటరీకి మారుతుంది. నాలుగేళ్ల బ్యాటరీలో ప్రాణం లేదు. అంతే, మానిటర్, సిస్టమ్ రెండూ పోతాయి. మరుక్షణం మెయిన్స్ బాగానే ఉంది కాబట్టి యూపీఎస్ మళ్లీ అందిస్తుంది.

రాత్రి మెమ్‌టెస్ట్ ఎందుకు నడిచిందో అర్థమైంది కదా. జిరాక్స్ ఆఫ్‌లో ఉంది.

రేపు రెండు పనులు. ముందు జిరాక్స్ ప్లగ్గు తీసి ఎక్స్‌టెన్షన్ బాక్సును, గోడ సాకెట్‌ను తేరిపార చూడు. మెయిన్ ఆఫ్ చేశాకే ముట్టుకో. రెండోది, సిస్టమ్ తీసేసి యూపీఎస్‌కు 60 వాట్ల మామూలు బల్బు తగిలించి, యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకు. బల్బు ఎంతసేపు వెలుగుతుందో చెప్పు.

పాలమూరు_పాత_సిస్టమ్

ఇంకో జాగ్రత్త. జిరాక్స్‌నో, లేజర్ ప్రింటర్‌నో యూపీఎస్ వెనకాల ఎన్నడూ పెట్టొద్దు. 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు. ఫ్యూజర్ ఒక్కసారి లాగితే అది కూలబడుతుంది. చాలామంది కరెంటు పోయినా ప్రింటు తీయొచ్చని అట్లా పెట్టేస్తుంటారు.

కోటకింద_పిలగాడు · శనివారం మధ్యాహ్నం

అక్కా, చేతులు వణుకుతున్నాయి ఇది రాస్తుంటే.

మెయిన్ ఆఫ్ చేసి జిరాక్స్ ప్లగ్గు పీకితే సులువుగా రాలేదు, అతుక్కుపోయి ఉంది. అటూ ఇటూ కదిపితే వచ్చింది. మూడు పిన్నుల్లో ఎడమ పక్కది నల్లగా మాడి, చుట్టూ తెల్ల ప్లాస్టిక్ బెల్లం పాకం రంగులో కరిగి గడ్డకట్టింది. బాక్సు స్క్రూలు విప్పి చూస్తే లోపల ఆ పక్క ఇత్తడి రేకు నీలంగా కమిలిపోయింది, దాని బిగువు పోయి వదులుగా ఆడుతోంది. వైరు మీది తొడుగు వేలితో తాకితే పొడిగా రాలింది. పది రోజుల నుంచి ఏదో కాలిన వాసన వస్తుంటే పక్క టిఫిన్ సెంటర్‌లో నూనె మాడుతోందనుకున్నాను. ఈ బాక్సు కిందే రెండు కట్టల ఏ4 కాగితాలు పెట్టి ఉన్నాయి.

యూపీఎస్‌కు బల్బు పెట్టి ప్లగ్గు పీకాను. టక్‌మంది, అచ్చం అదే శబ్దం. బల్బు ఎర్రగా ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది. ఒక్క సెకను కూడా లేదు.

మిర్యాలగూడ_తవుడు

కాగితాల కట్టలు ముందు అక్కడి నుంచి తీసెయ్. సిస్టమ్ సంగతి తర్వాత. మా పక్క మిల్లులో గోనెసంచుల గదికి నిప్పు అంటుకున్నది ఇట్లాంటి వదులు ప్లగ్గు దగ్గరే.

ట్రిపుల్ఈ_అక్క

ఆ బాక్సు మళ్లీ వాడకు, ఎవరికీ ఇవ్వకు కూడా. వైరు ముక్కలుగా కోసి పారెయ్. రేకు వదులైతే అక్కడ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడికి రేకు ఇంకా వదులవుతుంది. ఒకదానికొకటి తోడు. అందుకే మొదట్లో రోజుకు రెండుసార్లు పోయేది తర్వాత ఆరుసార్లు అయింది.

జిరాక్స్‌కు మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 16 ఆంపియర్ల సాకెట్, దానికో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పెట్టించు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దానికి పనికిరాదు. సిస్టమ్‌కు వేరే సాకెట్. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించు, నువ్వు చేయకు. వచ్చినప్పుడు ఎర్త్ కూడా చూడమను.

కోటకింద_పిలగాడు

ఎర్త్ మాట అడుగుదామనుకున్నా. చెప్పులు లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జుమ్మని తగులుతుంది. అది మామూలే అని ఊరుకున్నాను.

ట్రిపుల్ఈ_అక్క

మామూలు కాదు. ఎర్త్ అందడం లేదని దాని అర్థం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ, న్యూట్రల్‌కూ, క్యాబినెట్ రేకుకూ మధ్య ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద సగం వోల్టేజి, అంటే 110, 115 దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జుమ్మంటుంది అంతే. కానీ లోపల నిజంగా ఏదైనా లీకైన రోజు ఎర్త్ లేకపోతే అదే రేకు మనిషిని పట్టుకుంటుంది.

బత్తాయితోట

మా దగ్గర ఎండాకాలం భూమి ఎండి ఎర్త్ గుంత పనిచేయదు. వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోస్తాం. మీ షాపుకు గుంత ఎక్కడుందో ఇంటి ఓనరును అడుగు తమ్ముడూ. చాలాసార్లు దాని మీద ఎవరో బండలు పరిచేసి ఉంటారు.

నాగర్‌కర్నూల్_నెట్‌సెంటర్

ఫార్మాట్ కొట్టమన్నాను, తప్పు. కానీ దీని వల్ల నాకో మేలు జరిగింది. ఇవాళ మా సెంటర్‌లో ప్లగ్గులన్నీ పీకి చూశాను. ఒకటి గోధుమరంగులోకి తిరిగి ఉంది. లేజర్ ప్రింటర్‌దే.

గేమర్_గద్వాల్

మధ్యలో నాదొకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. నాది పాత రైజెన్ 5 1600. ఆట ఆడుతుంటే గంటలు నడుస్తుంది. ఖాళీగా వదిలేసి అన్నానికి పోతే ఆగిపోయి ఉంటుంది. మానిటర్ గుర్తు రాదు, అక్క చెప్పినట్టు చూశాను. అంటే నాది లోపలి గొడవే కదా?

సూర్యాపేట_సర్వీస్

నీది వేరే కథ. మొదటి తరం రైజెన్‌లు ఖాళీగా ఉన్నప్పుడు మరీ తక్కువ కరెంటులోకి దిగిపోతాయి. కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ లోడు తట్టుకోలేవు. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటుంది, ఏఎండీ సెట్టింగుల లోపల. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చు. బయోస్ పాతదైతే ఆ ఆప్షన్ కనిపించదు, ముందు అప్‌డేట్ చేయాలి. అప్‌డేట్ చేస్తుండగా కరెంటు పోకూడదు సుమా.

కోటకింద_పిలగాడు · ఆ తర్వాతి వారం, ఆదివారం

మంగళవారం ఎలక్ట్రీషియన్ వచ్చి విడిగా వైరు లాగాడు. జిరాక్స్‌కు 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీ. ఎర్త్ గుంత వెనక సందులో సిమెంటు పలకల కింద ఉంది. పలక లేపి నీళ్లు పోస్తే నాలుగు బిందెలు గుటగుటా తాగేసింది. ఇప్పుడు క్యాబినెట్ ముట్టుకుంటే ఏమీ తగలడం లేదు. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేశాను, 12 వోల్టులు 7 ఏహెచ్, 1,050 రూపాయలు. బల్బు పెట్టి పీకితే ఇరవై నిమిషాలు దాటినా వెలుగుతూనే ఉంది, నేనే ఆపేశాను.

బుధవారం నుంచి ఇవాళ్టి దాకా 41 ఒక్కటి కూడా లేదు. రోజూ రాత్రి షట్టర్ వేసే ముందు ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూస్తున్నాను.

ఎస్‌ఎంపీఎస్ డబ్బులు 3,800 మాత్రం వృథా అయ్యాయి. అడగకుండా కొన్నాను, తప్పు నాదే.

పాలమూరు_పాత_సిస్టమ్

వృథా కాలేదు. పాత దాని స్టిక్కర్ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదువు.

కోటకింద_పిలగాడు

16ఏ అని ఉంది.

పాలమూరు_పాత_సిస్టమ్

12ను 16తో గుణించు, 192 వాట్లు. ఈ కాలం సిస్టమ్ బరువంతా మోసేది ఆ 12 వోల్టుల లైనే. 450 అని పైన రాసినా ఆ లైను మీద అది నిజంగా ఇచ్చేది 192. నీ 5600జీ గట్టిగా లాగితే 88 వాట్లు కాబట్టి ఇన్నాళ్లు నెట్టుకొచ్చింది. రేపు గ్రాఫిక్స్ కార్డు వేస్తే అప్పుడు ఆగేది. గేమర్ తమ్ముడు చెప్పిన కారణం తప్పు కానీ, సలహా తప్పు కాదు.

గేమర్_గద్వాల్

సార్, ఈ మాట స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటున్నా.

కోటకింద_పిలగాడు · బుధవారం సాయంత్రం

దోస్త్ సీట్లు వచ్చాయి. ఆ పిల్ల, వాళ్ల నాయన పొద్దున మొదటి బస్సుకే వచ్చారు. దేవరకొండలోనే సీటు వచ్చింది, ఆమె మొదట పెట్టుకున్న కాలేజీ. అలాట్‌మెంట్ లెటర్ రెండు కాపీలు తీశాను. జిరాక్స్ వేడెక్కుతున్నంతసేపు నాకు తెలియకుండానే యూపీఎస్ వైపు చెవి పెట్టి నిలబడ్డాను. శబ్దం రాలేదు. పైసలు తీసుకోలేదు. వాళ్ల నాయన ఊరుకోకుండా సీతాఫలాలు వచ్చినప్పుడు తెస్తానని చెప్పి పోయాడు.

ట్రిపుల్ఈ_అక్క

ఆ పిల్లను బాగా చదువుకోమను తమ్ముడూ. నాకు చాలా సంతోషంగా ఉంది.

మిర్యాలగూడ_తవుడు

మా ఆఫీసు యూపీఎస్ కూడా రోజుకు నాలుగైదుసార్లు టక్‌మంటోంది, ఇన్నాళ్లు పట్టించుకోలేదు. 60 వాట్ల బల్బు ఎక్కడా దొరకడం లేదు, అందరూ ఎల్‌ఈడీలే అమ్ముతున్నారు. ఎల్‌ఈడీ పెట్టి చూడొచ్చా?

ట్రిపుల్ఈ_అక్క

9 వాట్ల ఎల్‌ఈడీకి చచ్చిన బ్యాటరీ కూడా కాసేపు వెలిగిస్తుంది అన్నా, నమ్మొద్దు. టేబుల్ ఫ్యాను పెట్టండి, 50 వాట్ల పైన లాగుతుంది. మోటారు కాబట్టి చూడటానికి ఒకటి రెండు నిమిషాలకు మించి నడిపించకండి.

మిర్యాలగూడ_తవుడు

సరే. రేపు మిల్లు మొదలయ్యేలోపు చూసి ఇక్కడే రాస్తాను.